తప్పుకునే బటన్

“మన వీరుడు ఇకపై ఎవరి దెబ్బకీ తప్పుకోడు” అని క్రీడాశాఖ మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో మారుమోగింది. ప్రభుత్వ సొమ్ముతో తయారైన ‘కోట కాపరి’ వీడియో గేమ్ రెండో భాగానికి అదీ శుభారంభం. కత్తుల మాస్టారికి మాత్రం చేతులు కలవలేదు. మొదటి భాగంలో ఫైట్లన్నీ కూర్చింది ఆయనే కాబట్టి ఆఫీసులో ఆయనకా పేరు స్థిరపడిపోయింది.

ఆ ఆటకి ప్రాణమంతా తప్పుకునే బటన్‌లోనే ఉండేది. శత్రువు కత్తి దించే పావు సెకనులో నొక్కితే వీరుడు పక్కకి జరుగుతాడు, దెబ్బ వెనకున్నవాడికి తగులుతుంది. ఆ పావు సెకను కుదరడానికి మాస్టారు రెండేళ్లు తెర ముందు తపస్సు చేశారు. మంత్రిగారి దూరదృష్టికి అది ఆనలేదు.

“ప్రభుత్వం తీసే ఆటలో హీరో పక్కకి జరగడమేంటయ్యా? ప్రతిపక్షం వాళ్లు నన్నే అంటారు.”

“జరక్కపోతే మూడు దెబ్బలకి చచ్చిపోతాడు సార్.”

“తెర మీద వాడి ప్రాణం చూపించే గీత పొడుగు చెయ్యి.”

“తెర చాలదు సార్.”

“రెండో వరసలోకి మడత పెట్టు. అన్నీ నేనే చెప్పాలా?”

గీత పొడుగులో శత్రువులకీ సమన్యాయం జరిగింది. దాంతో కోట గుమ్మం దగ్గర కాపలావాడొక్కణ్ణి పడగొట్టడానికే నలభై నిమిషాలు పట్టేది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, చెక్క చెక్కని కొట్టినట్టు కొట్టుకునేవారు. మంత్రిగారు దీన్ని ‘ఆటకి దీర్ఘాయుష్షు’ అన్నారు.

మాస్టారి కూతురు పదో నిమిషానికే కంట్రోలర్ కింద పెట్టేసింది. “నాన్నా, ఇందులో నేను చెయ్యాల్సిందేముంది?” అంది. మాస్టారికి నిజంగానే ఏడుపొచ్చింది.

విడుదలైన వారానికి ఆటగాళ్లు కంట్రోలర్లు పట్టుకుని ఆఫీసు ముందు బైఠాయించారు. మంత్రిగారు చలించకుండా ప్రెస్ మీట్ పెట్టించి, మాస్టారి భుజం తట్టారు.

“నా వెనకే నిలబడు. నీ బటన్ నీకు తెప్పించే పూచీ నాది.”

మాస్టారు పొంగిపోయి, మొదటి భాగంలోని లెక్కల కాగితం జేబులో పెట్టుకుని మరీ వెనక నిలబడ్డారు.

ముందు వరసలోంచి ఒక కుర్రాడు లేచాడు. “ఆ బటన్ తీసేసిందెవరు సార్?”

మంత్రిగారు చిరునవ్వు చెదరకుండా ఒక్క అడుగు పక్కకి జరిగారు. కెమెరాలన్నీ మాస్టారి ముఖం మీద వాలాయి.

సరిగ్గా పావు సెకను. లెక్క ఎక్కడా తప్పలేదని మాస్టారు వృత్తిరీత్యా ఒప్పుకోక తప్పలేదు. తరవాత తన వెనక ఎవరున్నారోనని ఆయన తిరిగి చూశారు.

అక్కడ గోడ ఉంది.