మైకమ్మ గొంతు మీద అబద్ధపు కేసు

మూడేళ్ళపాటు నేను నా భార్య గొంతు మీద అబద్ధపు కేసు నడిపాను. సాక్షిని నేనే, జడ్జిని నేనే. అసలు దొంగలిద్దర్నీ మాత్రం నా తలకి చెరోపక్కా దాచిపెట్టాను. నవ్వకుండా వింటానంటే చెబుతాను.

మీకు తెలుసుగా, మా కోతమిల్లులో నన్ను పాముచెవి మేస్త్రి అంటారు. రంపం చప్పుడు విని “ఏడో పన్ను మొద్దుబారింది, ఆపండి” అనేవాణ్ణి. ఆపి చూస్తే ఎనిమిదోది. ఆమాత్రం తేడా పాముకైనా వస్తుంది. రంపం మోత తగలకుండా చెవులకి పెట్టుకోమని మిల్లువాళ్ళిచ్చిన డిప్పలు మాత్రం ఇరవై ఏళ్ళుగా గోడమేకుకి వేలాడుతున్నాయి. ఆ మేకుకి ఇప్పటిదాకా చెవుడు రాలేదు.

మూడేళ్ళ కిందట మిల్లుకొచ్చి అందరి చెవులూ పరీక్ష చేసిన నర్సు, నాకొక చీటీ రాసిచ్చింది. సన్నటి శబ్దాలు నాకు అందడం లేదట. ఆ చీటీని ఇంట్లో నా పనిముట్ల పెట్టెలో, గ్రీజు డబ్బా కింద సమాధి చేశాను. పాముచెవికి చెవుడని తెలిస్తే మిల్లులో నా ముందు ఎవడు చేతులు కట్టుకు నిలబడతాడు?

చిక్కు ఇంట్లో వచ్చింది. మా ఆవిడ బస్టాండులో అనౌన్సరు. ఊరంతా మైకమ్మ అంటుంది. ఆవిడ నోరు తెరిస్తే ఐదో ప్లాట్‌ఫారం మీద గురకపెట్టేవాడు కూడా లేచి సరైన బస్సెక్కుతాడు. అంతటి గొంతూ వంటింట్లోంచి నా దాకా వచ్చేసరికి నీళ్ళలో నానిన ఉత్తరంలా ఉండేది. ఏదో రాసుందని తెలుస్తుంది, ఏం రాసుందో తెలియదు.

“ఏమండీ, ఇందాకట్నుంచీ అడుగుతున్నది మిమ్మల్నే!” అంటూ ఓ రోజు గుమ్మంలోకొచ్చి నిలబడింది.

“గొణుగుతావేమే? గట్టిగా చెప్పు.”

“నేను గొణుగుతున్నానా?”

“కాకపోతే నేనా? నీ గొంతు పోతోందే. చూసుకో కాస్త.”

ఒక్క అబద్ధం. భలే పనిచేసింది. పాపం, రోజూ ఉప్పునీళ్ళు పుక్కిలించడం మొదలుపెట్టింది. చన్నీళ్ళు మానేసింది. చెల్లెలితో ఫోన్లు తగ్గించింది. వంట చేస్తూ పాడుకునేది, అదీ ఆపేసింది. పాట ఆగిన సంగతి మా అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు. నాకు అంతకుముందే ఆగిపోయింది కదా.

నిజం చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. మేస్త్రిని కదా.

పోయిన నెలలో ఓ సాయంత్రం మడిచిన కాగితమొకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

“ఏమిటే ఇది?”

“ఉద్యోగం మానేస్తానండీ. గొంతు లేని మనిషికి మైకెందుకు? నా మాట వినపడక ఎవరైనా తప్పు బస్సెక్కితే ఆ పాపం నాకే.”

ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. ఆవిడకి ఆ మైకంటే ప్రాణం. నా గుండె జారి చెప్పుల్లో పడింది. దాన్ని అక్కడే తొక్కిపట్టి, ఒక ప్లాను వేశాను. గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. గొంతు భేషుగ్గా ఉందని డాక్టరే చెబుతాడు. ఆవిడ ఉద్యోగమూ నిలుస్తుంది, నా గుట్టూ నిలుస్తుంది. ఒక్క కన్నం లేని ప్లాను!

“ఓసారి గొంతు డాక్టరుకి చూపిద్దాం.”

“అలాగే. టైము నేను తీసుకుంటాలెండి,” అంది తలవంచుకుని. ఆ తల ఎందుకు వంగిందో అప్పుడు కనుక్కోవాల్సింది.

ఆస్పత్రి గుమ్మం దగ్గర బోర్డు చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. ‘చెవి, ముక్కు, గొంతు.’ మూడు దుకాణాలకీ ఒకే యజమాని అని నాకెవడు చెప్పాడు?

డాక్టరమ్మ మా ఆవిడ గొంతులోకి లైటు వేసి చూసింది. రెండు నిమిషాలు. “గంటలా ఉందమ్మా.”

“పదవే!” అని లేచాను.

“కూర్చోండి మేస్త్రిగారూ. పంపేచోట లోపం లేదంటే, అందుకునేచోట చూడాలిగా.”

బీరువా అంత గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికొక బటన్ ఇచ్చారు. శబ్దం వినపడగానే నొక్కాలి. అద్దానికి అవతల మిషన్ దగ్గర బక్కపల్చటి అమ్మాయి. ఆ అమ్మాయికి మనసులో పిట్ట అని పేరు పెట్టేశాను. మొదట్లో లావు శబ్దాలు వచ్చాయి, టకటకా నొక్కాను. తర్వాత అంతా నిశ్శబ్దం.

అప్పుడు దొరికింది కిటుకు. పిట్ట శబ్దం పంపినప్పుడల్లా కుడి మోచెయ్యి కాస్త లేస్తోంది! మోచెయ్యి లేచింది, నొక్కాను. మళ్ళీ లేచింది, మళ్ళీ నొక్కాను. నూటికి నూరు!

పిట్ట ముక్కు గోక్కుంది. నొక్కాను. జడ సర్దుకుంది. రెండుసార్లు నొక్కాను. సీసా ఎత్తి నీళ్ళు తాగింది. సీసా ఖాళీ అయ్యేదాకా నొక్కుతూనే ఉన్నాను.

తలెత్తి చూస్తే పిట్ట పక్కన డాక్టరమ్మ, ఆవిడ పక్కన మా ఆవిడ. మా ఆవిడ నన్నే చూస్తూ మెల్లగా తన మోచెయ్యి పైకెత్తింది.

చెప్పడానికి సిగ్గేస్తోంది. అదీ నొక్కాను.

బయటికొచ్చాక డాక్టరమ్మ చెవిబొమ్మ తెచ్చి చూపించింది. చప్పుడు వచ్చి లోపలి పొరని కొడుతుందట. ఆ పొర మూడు బుల్లి ఎముకల్ని కదిలిస్తే, అవి నత్తగుల్లలాంటి గదిలోకి కబురు పంపుతాయట. గుల్లలో నూగులాంటి కణాలు ఆ కబురందుకుని మెదడుకి చేరవేస్తాయట.

“సన్నటి శబ్దాల నూగు గుల్ల గుమ్మంలోనే ఉంటుందండీ. గుమ్మంలో పట్టా ముందు అరుగుతుంది చూశారా, అలాగే మీ రంపం మోతకి ముందు అది పోయింది. అందుకే రంపం వినిపిస్తుంది, ఆడవాళ్ళ మాట అలికినట్టుంటుంది.”

“మళ్ళీ మొలుస్తుందా?”

“మొలవదు. ఉన్నదైనా కాపాడుకోండి.”

చేతికిచ్చిన కాగితం చూశాను. పేషెంటు స్థానంలో నా పేరు! బాధ ఏమిటన్న చోట, ‘భార్య గొంతు పోయిందంటాడు.’

“ఏమే, ఇది...”

ఆవిడ సంచిలోంచి ఒక చీటీ తీసింది. గ్రీజు మరకలు. “పోయిన నెల స్క్రూడ్రైవర్ కోసం మీ పెట్టె తెరిచాను లెండి.”

“మరి ఆ రాజీనామా?”

“విప్పి చూశారా? మిమ్మల్నిక్కడికి తీసుకురావడానికి ముందే రాసిపెట్టుకున్న సెలవు చీటీ అది.” గ్రీజు చీటీ నా చేతిలో పెట్టింది. “మూడేళ్ళు పుక్కిలించానండీ.”

తిట్టలేదు. తిడితే బాగుండేది.

చెవిమిషన్లు వచ్చాయి. పెట్టుకున్నాక రెండు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడం మాత్రం చాలా స్పష్టంగా వినిపించింది.

మూడోరోజు క్షమాపణ చెప్పుకుందామని బస్టాండుకి వెళ్ళి, ఆవిడ అద్దాల గదికి ఎదురుగా ఐదో ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. అంతలో మిల్లు గుమస్తా వచ్చి పక్కన చతికిలబడ్డాడు. చటుక్కున మిషన్లు రెండూ పీకి జేబులో వేసుకున్నాను.

పైన మైకు ఖంగుమంది. “ప్రయాణికులకు విజ్ఞప్తి. ఐదో ప్లాట్‌ఫారం మీద కూర్చున్న కోతమిల్లు మేస్త్రిగారు చెవిమిషన్లు జేబులో కాకుండా చెవుల్లో పెట్టుకోవలెను.”

బస్టాండంతా నా వైపు తిరిగింది. గుమస్తా నోరు తెరిచాడు. అందరూ చూస్తుండగా ఒక్కొక్కటీ తీసి పెట్టుకున్నాను. చెవులు ఎర్రబడటం కూడా వినిపిస్తుందని ఆ రోజే తెలిసింది.

తర్వాత మైకులోంచి సన్నగా, చాలా సన్నగా ఒక కూనిరాగం వచ్చింది. మూడేళ్ళ కిందట మా వంటింట్లో ఆగిపోయిన పాట.

మైకు ఆపడం మర్చిపోయిందో, కావాలనే ఉంచిందో ఇప్పటికీ తెలియదు. అడిగే మొహం నాకు లేదు.