చిన్న ట్రాక్టరు, ఐదు నిమిషాల పని

పదింటికి కొనేవాడు వస్తాడు, మధ్యాహ్నానికల్లా ట్రాక్టరు గేటు దాటిపోతుంది. ఆ రోజుకు మరిది వేసుకున్న పథకం అది. అన్న పోయి ఏడాది తిరగలేదు. అన్న నడిపిన చిన్న ట్రాక్టరును ఇప్పుడు వదిన నడుపుతోంది. పెద్ద బండ్లు దూరలేని తోటల్లో, చెట్ల వరుసల మధ్య కూలికి దున్ని తన తిండి తాను తింటోంది. మరిదికి మింగుడుపడనిది అదే. బండి అమ్మేస్తే వదిన తన ఇంట్లోనే ఓ మూల ఉండి, వంటా అంట్లూ చూసుకుంటూ హాయిగా బతకవచ్చని నలుగురిలో చెప్పాడు. నలుగురూ అతని మంచి మనసును మెచ్చుకున్నారు. హాయి ఎవరికని మాత్రం ఎవరూ అడగలేదు.

కొనేవాడు వచ్చేలోగా ఒకసారి నడిపి చూద్దామని మరిది షెడ్డులోకి వెళ్లి తాళం తిప్పాడు. టిక్కుమంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ టిక్కు.

"స్విచ్చి అరిగిపోయిందయ్యా," అంది వదిన గుమ్మంలోంచి. "తాళాన్ని బొటనవేలితో లోపలికి నొక్కిపట్టి..."

"మీకెందుకు వదినా ఈ గోల? నేనున్నాగా. ఐదు నిమిషాల పని. మీరెళ్లి టీ పెట్టండి."

వదిన వెళ్లింది. మరిది స్విచ్చి ఊడదీసి, దాని వెనకున్న తీగలన్నీ లాగి పడేశాడు. ఏ తీగ ఎక్కడిదో చూసుకోలేదన్న సంగతి అన్నీ చేతికొచ్చాక గుర్తొచ్చింది. వెంటనే బావమరిదికి ఫోను చేశాడు.

ఈ బావమరిదిని అందరూ ఫ్యాన్ల డాక్టరంటారు. అతను బాగుచేసిన ఫ్యాన్లు తిరుగుతాయి, కాదనలేం. కాకపోతే కొన్ని వెనక్కి తిరిగి, గాలిని పైకప్పుకు కొడతాయి.

"ఫ్యానుకైనా ట్రాక్టరుకైనా కరెంటు ఒకటే బావా!" అంటూ డాక్టరు తీగలు తగిలించాడు. తాళం తిప్పితే హారను మోగింది. తాళం తీసేసినా మోగుతూనే ఉంది. తీగలు మార్చాడు. హారను ఆగి లైట్లు వెలిగాయి. ఇంకోసారి మార్చాడు. ఈసారి స్విచ్చిలోంచి పొగ లేచి, ప్లాస్టిక్కు కరిగి డాక్టరు వేలికి అంటుకుంది.

"అమ్మో! రోగమంతా ఈ స్విచ్చిలోనే ఉంది బావా," అని వేలు చీకుతూ తేల్చాడు డాక్టరు. స్విచ్చిని చెత్తకుండీలోకి విసిరి, రెండు తీగల కొసలు గీకి చేతిలో పట్టుకున్నాడు. "ఇక దీని పీడే లేదు. ఇవి రెండూ తాకిస్తే చాలు."

క్లచ్ తొక్కితే తప్ప ఇంజను అందుకోకుండా అడ్డుకునే తీగ ఇంకొకటి పెడలు కింద కనిపించింది. అది కూడా దండగ అనిపించి, దాన్నీ కలిపేశాడు.

వదిన వంటగది కిటికీలోంచి అరిచింది. "బాబూ, బండి గేరులో ఉంది! షెడ్డు నేల వాలుగా ఉందని నేను గేరులో వేసే..."

"టీ అయిందా వదినా?" అన్నాడు మరిది.

తీగలు తాకాయి. ట్రాక్టరు ఒక్క ఊపు ఊపి, మనిషి లేకుండానే షెడ్డులోంచి బయటికి నడిచింది. డాక్టరు నీళ్ల డ్రమ్ము మీదికెక్కాడు. ఆరేసి ఉన్న మరిది చొక్కాలన్నీ దండెంతో సహా బండి మెడలో పడ్డాయి. "ఆగు! ఆగవే! నిన్నే!" అంటూ అతను పక్కన పరిగెత్తాడు. బండి వినలేదు. గేటు దగ్గర అతని కొత్త మోటారు సైకిలుంది. దాని వెనక, అప్పుడే లోపలికొస్తూ కొనేవాడున్నాడు.

వదిన టీ పళ్లెంతో గడపలోకి వచ్చింది. చూసింది. పళ్లెం అరుగు మీద పెట్టింది. చల్లారిపోతాయని గ్లాసుల మీద మూతలు పెట్టింది. అప్పుడు కదిలింది. ఆమె బండెక్కి బ్రేకు తొక్కేసరికి మోటారు సైకిలు ముందు చక్రాల కింద అప్పడమైంది. ఇంజను రెండు సార్లు దగ్గి ఆగిపోయింది.

"అంత తెలిసినదానివి ముందే వచ్చి చావొచ్చుగా!" మరిది నోట్లో 'మీరు' ఎగిరిపోయింది.

"టీ పెట్టమన్నావుగా."

కొనేవాడు ట్రాక్టరును, చొక్కాలను, డ్రమ్ము మీది డాక్టరును వరసగా చూశాడు. "మీ బండికి ఆగడం తెలీదు, మీకు వినడం తెలీదు. వస్తానండీ," అని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

సాయంత్రం మళ్లీ నలుగురూ కూర్చున్నారు. ఆడమనిషి నడిపి బండిని చెడగొట్టిందని మరిది చెప్పాడు. గేరులో ఎందుకు పెట్టిందో కనుక్కోమన్నాడు డాక్టరు, వేలికి కట్టుతో. అందరూ తలూపారు. వదిన టీ గ్లాసులు కడుగుతోంది, ఆమెను ఎవరూ కనుక్కోలేదు.

"ఇంకో బేరం వచ్చేదాకా బండిని ఎవరూ ముట్టుకోవద్దు," అని మరిది తీర్పు చెప్పాడు. "తాళం నా దగ్గరుంటుంది. తాళం లేకుండా ఎలా నడుపుతుందో నేనూ చూస్తా."

వదిన చేతులు తుడుచుకుని, షెడ్డులో పడి ఉన్న తాళం తెచ్చి ఇచ్చింది.

మర్నాడు తెల్లవారుతూనే ఆమె షెడ్డులోకి వెళ్లి సీటులో కూర్చుంది. క్లచ్ తొక్కింది. వేలాడుతున్న రెండు తీగలను ఒకదానికొకటి తాకించింది. ఇంజను ఒక్క పిలుపుకే పలికింది. ఆ వేళకు మరిది ఇంకా నిద్ర లేవలేదు. ఆమె తోటకు వెళ్లి, ఎండ ముదిరేలోగా దున్ని వచ్చింది. ఆ మర్నాడూ వెళ్లింది.

మరిది తాళాన్ని జాగ్రత్తగానే చూసుకుంటున్నాడు. జేబులోంచి జారిపోతుందేమోనని దానికో గొలుసు కూడా కొన్నాడు.