మాస్టారి ఓటమికి మానిటరే కారణం

డ్రైవింగ్ స్కూలు మాస్టారు కంప్యూటర్‌లో ఆడే కారు పందెంలో అత్తగారి చేతిలో వరుసగా ఓడిపోతున్నారన్న వార్త నిజమే. అయితే అందులో ఆయన తప్పు ఆవగింజంతైనా లేదని, తప్పంతా మానిటర్‌దేనని పాఠకులకు ముందుగానే మనవి చేయడమైనది.

మాస్టారు సామాన్యులు కారు. ఊళ్లో సగంమందికి స్టీరింగ్ పట్టడం నేర్పినవారు. స్కూలు కారులో ఆయన కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు గోడ మీదికో, కూరగాయల బండి మీదికో బయలుదేరినప్పుడల్లా ఆయన పాదం ఆ బ్రేకు మీద పడేది. ఇన్నేళ్లలో ఎవరి ఒంటి మీదా గీత పడలేదంటే ఆ పాదం చలవే.

ఇంటి ముందు గదే స్కూలు ఆఫీసు. కొత్తగా చేరేవాళ్లకు చేయి కుదురుతుందని అక్కడి కంప్యూటర్‌లో స్టీరింగు, కాలితో తొక్కే పెడళ్లతో సహా ఆ ఆట పెట్టించింది కూడా ఆయనే. మోకాలి ఆపరేషన్ చేయించుకుని కూతురింటికి విశ్రాంతికి వచ్చిన అత్తగారు ఆ గదిలోనే కాలు చాపుకుని కూర్చునేవారు. ఆవిడ జన్మలో సైకిలైనా తొక్కి ఎరగరు. ఓ మధ్యాహ్నం ఊసుపోక కీబోర్డు మీటలతో ఆ ఆట ముట్టుకున్నారు. మర్నాడు అల్లుణ్ని మర్యాదకు ఓ పందేనికి పిలిచారు. అల్లుడూ మర్యాదకే ఒప్పుకున్నారు. మర్యాద అక్కడితో ఆగిపోయింది.

మొదటి పందెం అత్తగారు గెలిచారు. తర్వాతిదీ ఆవిడే. ఆ వారమంతా ఆవిడే. పేరు రాయించుకోవడానికి వచ్చిన ఇద్దరు ఆ దృశ్యం కళ్లారా చూసి, మళ్లీ వస్తామని చెప్పి, నేరుగా ఎదుటి డ్రైవింగ్ స్కూలుకు వెళ్లి చేరిపోయారు. ఎదుటి స్కూలాయన సాయంత్రానికల్లా కొత్త బోర్డు తగిలించాడు. "మా మాస్టారు ఇంతవరకు ఎవరి చేతిలోనూ ఓడిపోలేదు" అని. ఆయనకు అసలు కంప్యూటర్ ఉందా అని అడగాలని ఎవరికీ తోచలేదు.

మాస్టారికి తిండి సయించలేదు. నిద్రలో కూడా కుడికాలు తొక్కుతోందని భార్య ఫిర్యాదు చేసింది. ఇలాంటి సమయాల్లో సమాజం చూస్తూ ఊరుకోదు కనుక పక్కింటి నుంచి సలహాల బాబాయ్ వచ్చాడు. వీధిలో ఎవరి బాధకైనా ఏ వస్తువు కొనుక్కోవాలో చెప్పడం ఆయన వృత్తి కాకపోయినా దీక్ష. మానిటర్‌ను ముందు నుంచి, వెనక నుంచి పరీక్షించి, రోగి బంధువుల వైపు డాక్టర్ చూసినట్టు చూశాడు.

"ఇది సెకనుకు అరవై బొమ్మలు చూపించే రకం," అన్నాడు. "ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య సందులోంచి మలుపు జారిపోతోంది. దీనిమీద ఓడిపోవడం కాదు మాస్టారూ, ఇన్నాళ్లు ఆడగలగడమే మీ గొప్ప."

మాస్టారి కళ్లు చెమర్చాయి. ఆయన భార్యకు మాత్రం చిన్న సందేహం కలిగింది. "అమ్మ కూడా అదే తెర మీద ఆడుతోంది కదండీ బాబాయ్‌గారూ? సగం ఈయనది, సగం ఆవిడది."

"ఆవిడ కళ్లు పాతవమ్మా. పాత మానిటర్‌కి సరిగ్గా సరిపోయాయి," అన్నాడు బాబాయ్. శాస్త్రం అంత స్పష్టంగా చెప్పాక వాదించేవాళ్లు ఎవరుంటారు?

ఆనాటి నుంచి మాస్టారు అధ్యయనంలో పడ్డారు. కొత్త మానిటర్లలో రంగులు ఎంత గొప్పగా ఉంటాయో చూపించే వీడియోలన్నీ పాత మానిటర్ మీద చూశారు. నిజంగానే గొప్పగా ఉన్నాయి. పాత తెర మీద రంగులు ఎంత పేలవంగా ఉంటాయో, కొత్తదాని మీద ఎంత నిండుగా ఉంటాయో ఓ వీడియోలో పక్కపక్కనే పెట్టి చూపించారు. ఆ తేడా అంతా ఆ పాత తెర మీదే ఆయనకు శుభ్రంగా కనిపించింది.

పాఠాల్లోకీ అధ్యయనం వచ్చి చేరింది. గేరు ఎప్పుడు మార్చాలని అడిగిన ఓ బ్యాంకు ఉద్యోగినికి, ఆలస్యం ఒక్క మిల్లీసెకను మించకూడదని జవాబు వచ్చింది. మానిటర్‌లో నలుపు ఎంత నల్లగా ఉండాలన్న వివాదం ఫోన్‌లో చదువుతూ మాస్టారు ఆగమనడం మరిచిపోవడంతో, రిటైరైన ఓ లెక్కల టీచరు ఊరు దాటి పక్క ఊరి దాకా కారు నడిపేశాడు. ఆయన జీవితంలో అంత మంచి పాఠం మరొకటి దొరకలేదట.

ఆదివారం భార్యాభర్తలిద్దరూ షాపుకి వెళ్లారు. సేల్స్‌మన్ రెండు మానిటర్లను పక్కపక్కన పెట్టి, ఒకటి మామూలుదని, రెండోది సెకనుకు రెండువందల నలభై బొమ్మలు చూపించే మహత్తరమైనదని, అయితే ఏది ఏదో తను చెప్పనని, చూసే కన్నున్నవాళ్లకు చెప్పక్కర్లేదని సెలవిచ్చాడు. రెండింట్లోనూ ఒకే కారు ఒకే కొండదారిలో పోతోంది. మాస్టారి భార్య రెండూ ఒకేలా ఉన్నాయంది. సేల్స్‌మన్ నొచ్చుకోలేదు. మేడమ్‌కి కొంచెం అలవాటు కావాలని దయగా అన్నాడు.

అది విన్నాక మాస్టారికి తేడా కనిపించకుండా ఎలా ఉంటుంది? కుడివైపుదాన్ని చూపించి, ఆ వేగం, ఆ జీవం, ఆకుల మీది ఆ వెలుగు ఎడమదానిలో ఎక్కడివని కాసేపు వర్ణించారు. సేల్స్‌మన్ ఓపిగ్గా విని, కొత్తది ఎడమవైపుదని చెప్పాడు.

"అయినా సార్, తేడా ఉందని మీరు పట్టుకున్నారు. అదే ముఖ్యం. ఏ వైపన్నది చిన్న విషయం," అన్నాడు.

ఇంత నిజాయితీపరుడు చెప్పాక కొనకుండా రావడం బాగుండదని మాస్టారు కొనేశారు.

వంపు తిరిగిన ఆ మానిటర్ బల్ల మీద పట్టలేదు. ట్రాఫిక్ గుర్తుల పటం, 'నిదానమే ప్రధానం' అన్న అట్ట గోడ మీంచి తీయించి దానికి చోటు చేశారు. ప్రారంభోత్సవానికి విద్యార్థులను, వీధివాళ్లను, మర్యాద కోసం ఎదుటి స్కూలాయనను కూడా పిలిచారు. సలహాల బాబాయ్ అధ్యక్షత వహించి, మనిషిలో లోపం ఉండదని, ఉన్నదల్లా పరికరంలోనేనని, ఈ సత్యం ఆలస్యంగా తెలియడం వల్లే మన వీధి ఇన్నాళ్లు వెనకబడిందని ప్రసంగించాడు. చప్పట్లు మోగాయి.

పందెం మొదలైంది. తెర సగం నిండా మాస్టారి ఎర్రకారు, మిగతా సగం అత్తగారి నీలం కారు. మొదటి మలుపు రాగానే మాస్టారి కారు వేగం తగ్గింది. రెండో మలుపు దగ్గరా తగ్గింది. ఒకచోట దాదాపు ఆగి, వెనకాలెవరో వస్తుంటే దారి కూడా ఇచ్చింది. బ్రేకు లైటు అంత నిండు ఎరుపులో వెలగడం ఎన్నడూ చూడలేదని హాజరైనవాళ్లంతా ఒప్పుకున్నారు. పెద్ద తెర మీద మలుపులు ముందే కనిపిస్తున్నాయని సంతోషిస్తూ అత్తగారు ఎప్పటికంటే త్వరగా గెలిచేశారు.

మాస్టారు తలెత్తలేదు. ఆయన చెవులు ఎర్రకారు కంటే ఎర్రబడ్డాయి. అల్లుడి మొహం చూసి అత్తగారికి జాలేసింది. ఆయన వైపు వంగి, పక్కవాళ్లకు వినిపించకుండా నెమ్మదిగా అన్నారు.

"బాబూ, మలుపు కనబడగానే మీరు బ్రేకు తొక్కేస్తున్నారు. ఇందులో ఎవరికీ దెబ్బ తగలదు. ఒక్కసారి తొక్కకుండా ఆడి చూడండి."

మాస్టారు తన కుడిపాదం వైపు చూసుకున్నారు. ఊరందర్నీ కాపాడిన పాదం. ఆ మాట ఒప్పుకుంటే చాలు, అంతా తేలిపోయేది. ఒప్పుకునేవారే కూడా. ఇంతలో వెనక నుంచి బ్యాంకు ఉద్యోగిని, కుర్చీ ఎత్తు సరిపోలేదేమోనంది. లెక్కల టీచరు కిటికీలోంచి ఎండ పడుతోందన్నాడు. ఎదుటి స్కూలాయన సైతం, కేబుల్ చూపించారా అని ఆదరంగా అడిగాడు. అంతమంది ప్రేమను కాదనడం మాస్టారి వల్ల కాలేదు.

"కుర్చీయే," అన్నారు.

ఆ మాటతో గది ఊపిరి పీల్చుకుంది. ఇంతవరకు గురువుగా చూసినవాళ్లు ఆయన్ని తమవాడిగా చూశారు.

ఆ మరుసటి పాఠంలో బ్యాంకు ఉద్యోగిని కారుని గేటు స్తంభానికి ఆనించింది. అద్దం సరిగ్గా లేదంది. పాత మాస్టారైతే అరగంట చీవాట్లు పెట్టేవారు. ఈయన తలూపి, ఈ అద్దాలింతే, నమ్మడానికి లేదన్నారు. లెక్కల టీచరు కాలువలోకి దింపితే, కాలువను అక్కడ తవ్వినవాళ్ల తెలివిని ఇద్దరూ కలిసి దుమ్మెత్తి పోశారు. ఇక్కడ తప్పెవరిదో తెలిసిన మాస్టారున్నారన్న మాట పాకిపోయింది. జనం విరగబడి చేరారు. ఎదుటి స్కూలులో చేరినవాళ్లు కూడా వచ్చేశారు.

మోకాలు నయమయ్యాక అత్తగారు తమ ఊరికి బయలుదేరారు. కొత్తగా నేర్చుకున్నవాళ్లెవరైనా స్కూలు కారులో దింపుతారని అల్లుడు ఎంతో చెప్పారు. వద్దు బాబూ, బస్సుకే వెళ్తానని ఆవిడ సంచీ చంకన పెట్టుకుని నడిచి వెళ్లిపోయారు.

ప్రస్తుతం మాస్టారి విద్యార్థులందరూ నిండు ఆత్మవిశ్వాసంతో రోడ్ల మీద ఉన్నారు. మీరు రోడ్డు దాటుతుండగా వాళ్లలో ఎవరైనా మిమ్మల్ని గుద్దితే, తొందరపడి వాళ్లను ఏమీ అనకండి. ముందు మీ కళ్లద్దాలు ఎప్పటివో చూసుకోండి.