బురుజుకు సున్నం

ఆ రోజు పొద్దున్నే వెంకటకృష్ణారావు పెట్టుకున్న పని ఒక్కటే, బురుజు ఊడ్పించడం. విస్సన్నపేట వైపు రెండు గుట్టల నడుమ కనుమలో, ఆయన మామిడితోట అంచున, జమీందార్ల కాలంలో దారి కాయడానికి కట్టిన చిన్న బురుజు అది. రోడ్డు వెడల్పు కోసం దాన్ని కూల్చేస్తామన్నారు. పాత కట్టడమని తేలితే వదిలేస్తారట. అది తేల్చడానికి మధ్యాహ్నం ఆఫీసరు వస్తోంది. చిన్నప్పుడు నాన్న భుజాలెక్కి ఆ బురుజు మీదనుంచి లోకం చూసిన మనిషికి, అది పోతుందంటే అన్నం సయించడం లేదు.

"ఆఫీసరు వస్తుంటే ఆ నల్లటి గోడలేంటండీ? కాస్త సున్నం కొట్టించండి," అంది భార్య సీతారావమ్మ. చుట్టాలొస్తే సున్నం వేయించడం ఆ ఇంటి అలవాటు. ఆయనకూ సబబుగానే తోచింది.

తోటలో పనిచేసే పెద్దిరాజుకు పని చెబితే సగంలో ఆపడు. సున్నం కొట్టాడు. ఇంకా పొద్దుందని మధ్యమధ్య ఎర్రజాజు పట్టీలు దించాడు. అతని భార్య రమణమ్మ ముచ్చటపడి గుమ్మానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడి తోరణం కట్టింది.

కాయల లోడుతో వెళ్తున్న లారీ ఆగింది. డ్రైవరు దిగి కొబ్బరికాయ కొట్టాడు.

"ఇది గుడి కాదయ్యా!" అని వెంకటకృష్ణారావు మొత్తుకున్నాడు.

"అలా అనకూడదండీ, కళ్ళు పోతాయి," అంటూ డ్రైవరు ఆయన నోట్లో కొబ్బరిముక్క పెట్టాడు. లారీని చూసి ఆటో, ఆటోను చూసి బస్సు ఆగాయి.

ఆఫీసరు యోగిత వచ్చేసరికి పొంగలి ఉడుకుతోంది. సున్నం కింద ఏముందో చూద్దామని ఆవిడ గోడ గీకబోయింది. ఆడవాళ్ళంతా మీదికొచ్చారు. "అమ్మవారి గోడ గీకుతావా తల్లీ!"

"చూడనివ్వకపోతే పాతదని ఎలా రాయనండీ?" అని, ప్రసాదం మాత్రం రెండుసార్లు పెట్టించుకుని వెళ్ళిపోయింది.

వెంకటకృష్ణారావు గుమ్మంలోనే కూలబడ్డాడు. "నా చేతులతో నేనే కూల్చుకున్నానే," అన్నాడు. సీతారావమ్మకు ఏడుపొచ్చింది. సున్నం మాట తనదే మరి.

వారం తిరక్కుండా పొక్లెయిన్ వచ్చింది. దాన్ని నడిపే రాజేష్ తొట్టి పైకెత్తి, బొట్లు చూసి, మెల్లగా దించేశాడు.

"నావల్ల కాదండీ. పిల్లలుగలవాణ్ణి," అని కాంట్రాక్టరుకు చెప్పి దండం పెట్టాడు. కాంట్రాక్టరు పిలిపించిన రెండో మనిషి బండి కూడా దిగలేదు. చివరికి కాంట్రాక్టరే తల గోక్కుని, రోడ్డును గుట్ట వైపు కాస్త వంచి, పోతూపోతూ తానూ ఒక కాయ కొట్టాడు.

బురుజు దక్కింది. వెంకటకృష్ణారావు ఆనందం పట్టలేక దాని చుట్టూ ఒకసారి తిరిగివచ్చాడు. ప్రదక్షిణ అనుకుని వెనకాలే పదిమంది తిరిగారు.

ఇప్పుడు ఆ బురుజు ఎక్కాలంటే ఆయన తలస్నానం చేసి వరుసలో నిలబడాలి.