నీడకు వేసిన టీకా

టీకాకు జంకుతున్న నర్సులు తమకు బదులు తమ నీడను పంపవచ్చని పెద్దాసుపత్రి సూపరింటెండెంటు సోమవారం సర్క్యులర్ జారీ చేశారు. అది ఎవరికీ వింతగా తోచలేదు. నీడ ఎండలో పడినదై ఉండాలా, ట్యూబులైటు కింద పడినా చెల్లుతుందా అన్న ఒక్క అనుమానం మిగిలింది. ట్యూబులైటు చాలునని మధ్యాహ్నానికి వివరణ కూడా వచ్చింది.

ఎస్తేరు రాణికి ఊపిరి పీల్చుకున్నట్టయింది. ఆమె కరోనా వార్డులో కాంట్రాక్టు నర్సు, చంటిబిడ్డ తల్లి. రోజూ కాసేపు టీకా గదిలో జనానికి సూదులు వేస్తూ, “చీమ కుట్టినట్టుంటాది, అంతేనమ్మా” అని ధైర్యం చెప్పేది. తన వంతు వచ్చేసరికి మాత్రం ఏదో ఒక పని కల్పించుకుని తప్పుకునేది. పాలిచ్చే తల్లి వేయించుకోవచ్చా అని డాక్టరును అడిగితే, “పైనుంచి ఇంకా ఏమీ రాలేదు” అన్నాడు. జ్వరమొస్తే సెలవిస్తారా అని ఆఫీసులో అడిగితే, “నర్సువయ్యుండి నువ్వే భయపడితే ఎలా?” అన్నారు. ఆ తరవాత ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. నీడను పంపింది.

నీడ గోడ మీద బుద్ధిగా కూర్చుని చెయ్యి చాపింది. హెడ్ సిస్టర్ హైమావతి దూదితో గోడ తుడిచి సూది గుచ్చింది. కాస్త సున్నం రాలింది. “అరగంట కదలకే, కళ్లు తిరుగుతాయేమో” అంది నీడతో. ఆ సాయంత్రం ఇంట్లో నీడ పడిన చోటల్లా గోడ కాలిపోతుంటే, ఎస్తేరు భర్త బెనర్జీ తడిగుడ్డ వేశాడు.

మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ అప్పలనాయుడు చెయ్యి అడ్డం పెట్టాడు.

“మీరాగండి సిస్టరమ్మా. టీకా ఏసుకున్నోల్లే లోపలికెల్లాలంట. మీ నీడ ఎల్లొచ్చు.”

నీడ వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఎస్తేరు ఎండలో నిలబడిపోయింది. ఆమె కాళ్ల చుట్టూ నేల తెల్లగా మెరుస్తోంది.

నీడ బాగా పనిచేస్తోందని కబుర్లు వచ్చాయి. అన్నం అడగదు, మాస్కు అడగదు, సెలవు ఊసెత్తదు. రోగులకు తేడా తెలియలేదు. ఒళ్లంతా కప్పిన ఆ తెల్ల సూటులో ఉన్న ముఖాన్ని వాళ్లు ఏనాడూ చూసి ఎరగరు.

తనతో నర్సింగు చదివిన శాంతకుమారి ఊపిరాడక చనిపోయిందని తెలిసిన రోజున, ఎస్తేరు హైమావతి ఇంటికి పరిగెత్తింది.

“అక్కా, నాకూ వేసెయ్యి. నీడకి కాదు, నాకే.”

“నీకు వేసేసినట్టే కదే తల్లీ! మనాసుపత్రిలో నూటికి నూరుమందికీ అయిపోయిందని సూపరింటెండెంటు గారికి శాలువా కూడా కప్పారు. ఇప్పుడు నీకేస్తే ఒకల్లు ఎక్కువైపోతారు.”

“మరి నేనో?”

హైమావతి కొంగుతో కళ్లు ఒత్తుకుని, కాఫీ తాగి వెళ్లమంది.

ఆ వారమే ఎస్తేరుకు జ్వరం, ఆయాసం పట్టుకున్నాయి. రోగిగా లోపలికి రావడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. అప్పలనాయుడు తలుపులు రెండూ బార్లా తెరిచాడు.

వార్డులో నీడే వచ్చి ఆక్సిజన్ పెట్టింది. వేళ్లు బావినీళ్లలా చల్లగా ఉన్నాయి.

“డ్యూటీ దిగి ఇంటికెల్తన్నావా?” అని అడిగింది ఎస్తేరు.

నీడ ఔనని తలూపింది.

“పిల్ల నాకోసం ఏడుస్తందా?”

లేదని తలూపింది. అది ఊరటో గుబులో ఎస్తేరుకు తెలియలేదు. ముఖం గోడవైపు తిప్పుకుంది.

కొన్నాళ్లకు జిల్లా అధికారులు పూలబుట్టలతో వచ్చారు. ప్రాణాలకు తెగించి, ఏ భయమూ లేకుండా సేవ చేస్తున్న నర్సులకు అందరూ చప్పట్లు కొట్టాలన్నారు. నీడలు గోడ వెంట వరసగా నిలబడ్డాయి. వాటి మీద చల్లిన రేకులు గోడకు తగిలి నేలరాలాయి.

“దేవతలమ్మా ఆల్లు” అంది పక్క మంచం ముసలామె కళ్లనీళ్లతో. “మనలాటోల్లకి ఆ గుండెదైర్యం యాడిదీ?”

“ఔనమ్మా” అంది ఎస్తేరు. ఊపిరి అందినంతసేపు ఆమె కూడా చప్పట్లు కొట్టింది.