ఇరవై ఏడో కథలో తలుపు

ఆ ఆదివారం పొద్దున తాళాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి సంఘం మీటింగుకు వెళ్ళాలి. వెనక కుర్చీలో కూర్చోవాలి. ఎక్కువమంది దేనికి చెయ్యెత్తితే దానికే తనూ ఎత్తాలి. పదకొండుకల్లా ఇంటికొచ్చి, భార్య నెల రోజులుగా పోరుతున్న కుళాయికి వాషరు మార్చాలి.

సంఘమంటే "శూన్యంలో పడవ" అభిమానుల సంఘం. ముప్పై ఐదేళ్ళ కిందట బుధవారం సాయంత్రాలు ఆరింటికి టీవీలో వచ్చిన సీరియల్ అది. ఒక ఓడ, అందులో ఒక నావికురాలు, ఒక ముసలి ఇంజనీరు. వారానికో గ్రహం, గ్రహానికో కథ. నలభై కథలయ్యాక ఆగిపోయింది. మళ్ళీ ఎవరూ ఎక్కడా వెయ్యలేదు. అప్పుడు నోరు తెరుచుకుని చూసిన పిల్లల్లో పదకొండుమంది ఇప్పుడు కళ్ళజోళ్ళు పెట్టుకుని, నెలకోసారి పళ్ళ డాక్టరు ఆసుపత్రిలో, రోగులు కూర్చునే గదిలో కలుస్తారు. కుర్చీలు అక్కడే ఉన్నాయి కనుక అక్కడ కలుస్తారు. కుర్చీలు ఆయనవి కనుక డాక్టరే అధ్యక్షుడు. చిగుళ్ళ జబ్బుల పటం కింద ఆయన స్వహస్తాలతో రాసి అంటించిన మొదటి నిబంధన ఉంటుంది: నలభైకి నలభై కథలూ చూసినవారే సభ్యులు.

తాళాలాయన చూసింది ముప్పై తొమ్మిది.

ఇరవై ఏడో కథ వచ్చిన బుధవారం అతనికి పదకొండేళ్ళు. కొట్టుగదిలోకి వెళ్ళి, లోపలినుంచి తాళం ఎలా పడుతుందో చూద్దామని తిప్పాడు. తాళంచెవి విరిగి సగం లోపల ఉండిపోయింది. గోడ అవతల సీరియల్ పాట మొదలైంది. అతను తలుపు బాదాడు, అరిచాడు, చివరికి కూర్చుని ఏడ్చాడు. ఇంట్లోవాళ్ళు వచ్చి పగలగొట్టేసరికి వార్తలు వస్తున్నాయి. ఆ అరగంటలో ఓడలో ఏం జరిగిందన్న ప్రశ్న ముప్పై ఐదేళ్ళుగా చెవిలో దూరిన చీమలా తిరుగుతూనే ఉంది. ఎవర్నీ అడగడానికి లేదు. అడిగితే సభ్యత్వం ఊడుతుంది. నెలకోసారి ఆ పదిమంది మధ్య కూర్చోవడం తప్ప అతనికి వేరే సరదా లేదు.

ఆ రోజు మీటింగుకు కారణముంది. టీవీ స్టేషన్ వాళ్ళు పాత గోదాము ఖాళీ చేస్తున్నారు. రీళ్ళన్నీ ఎక్కడికో దూరంగా తరలిపోతాయి. పోయేలోగా సంఘానికి ఒకే ఒక్క కథ, ఒక్క పూట వేసి చూపిస్తామని, ఏది కావాలో తేల్చుకుని రాయమని ఉత్తరం వచ్చింది.

తేల్చుకోవడం మొదలై గంటన్నరైంది. బస్సు డ్రైవరు పద్నాలుగో కథ అంటాడు, రెండు నీడలున్న గ్రహం. బేకరీ ఆవిడ ముప్పై ఒకటి అంటుంది, ఊరంతా నిద్రపోయే కథ. డాక్టరుది ఎనిమిది. ఆ కథలో ఎవరికీ పళ్ళుండవు.

"మీ ఎనిమిదిని మీరే చూసుకోండి డాక్టరుగారూ! రోజూ చూసేది చాలదా మీకు?" అన్నాడు డ్రైవరు.

"నీ పద్నాలుగులో ఏముందయ్యా, నీడలు తప్ప?"

మూడు కథలకూ మూడేసి ఓట్లొచ్చాయి. దర్జీ ఎటూ తేల్చుకోలేక ఒక్కో కథకు సగం చెయ్యి ఎత్తి దించుతున్నాడు. మిగిలింది వెనక కుర్చీ.

"ఏమయ్యా తాళాలాయనా, నోటికీ తాళమేశావా? నీకే కథ కావాలి?" అన్నాడు డాక్టరు.

ముప్పై ఐదేళ్ళు పళ్ళ బిగువున ఆపుకున్న మాట జారిపోయింది. "ఇరవై ఏడు."

పది తలలూ వెనక్కి తిరిగాయి. ఏడేళ్ళ మీటింగుల్లో ఇరవై ఏడో కథ మాట ఎవరూ ఎత్తలేదు.

"ఇరవై ఏడా? అందులో ఏముంది?" అన్నాడు డాక్టరు, కళ్ళజోడు సవరించుకుంటూ.

తాళాలాయన గదంతా కలియజూశాడు. ఎదురుగా పన్ను పీకే గది తలుపు కనిపించింది. "అదే... తలుపు."

"ఏ తలుపు?"

"ఇసక మధ్యలో ఉంటుంది కదండీ. గోడ లేదు, కప్పు లేదు. ఒట్టి తలుపే. దానికో తాళం." తాళం దగ్గరికొచ్చాక అతన్ని ఆపడం కష్టం. "ఇత్తడి తాళం, నాలుగు లివర్లది. ఇటువైపు నున్నగా రేకు. తాళంచెవి పెట్టే కన్నం అటువైపుంది. నావికురాలు చుట్టూ తిరిగి అటువైపుకెళ్ళింది. వెళ్తే అదీ ఇటువైపే. ఎటునుంచి చూసినా నున్నటి రేకే. అప్పుడావిడ మూడుసార్లు తట్టింది. ఏమీ లేదు. కాసేపటికి, అవతలినుంచి ఎవరో మూడుసార్లు తట్టారు."

దర్జీ కుర్చీ ముందుకు జరిగింది.

"తర్వాత?" అన్నాడు దర్జీ.

తర్వాత ఏమవుతుందో అతనికీ తెలియదు. "తర్వాతది మీకు తెలుసుగా," అన్నాడు.

"తెలీకేం!" అంది బేకరీ ఆవిడ చేతులు తిప్పుతూ. "తలుపు తీసేసరికి ముసలావిడ. చేతిలో దీపం. మా అమ్మ కొంగు పట్టుకుని చూశాను తమ్ముడూ, మూడు రోజులు జ్వరం."

"ముసలావిడేంటక్కా! తలుపు తీస్తే సముద్రం. నీళ్ళన్నీ ఒక్కసారిగా ఇసక మీద పడ్డాయి," అన్నాడు డ్రైవరు.

"ఇద్దరికీ గుర్తులేదు," అన్నాడు దర్జీ. గంటన్నరలో మొదటిసారి అతని గొంతులో తిరుగులేని నమ్మకం వినిపించింది. "అవతలున్నదీ నావికురాలే. కోటు మాత్రం వేరు. గుండీలు ఎడమవైపున్నాయి. గుండీల విషయంలో నేను పొరబడను."

మరో అరగంట గడిచేసరికి తలుపు అవతల ఏడుగురు రకరకాల మనుషులు, ఒక సముద్రం, ఒక గుర్రం చేరాయి. డాక్టరు బల్ల మీద కొట్టాడు. "ఎవరిది నిజమో చూస్తే తేలిపోతుంది. ఇరవై ఏడే తెప్పిద్దాం!"

పదకొండు చేతులూ లేచాయి. పదకొండోది కాస్త ఆలస్యంగా లేచింది.

డ్రైవరు తాళాలాయన భార్యకు తమ్ముడే. ఇద్దరూ కలిసి నడిచి వస్తుంటే తాళాలాయన గుండె దిటవు చేసుకున్నాడు. "ఒరేయ్, నీకో మాట చెబుతాను, ఎవరితోనూ అనకు. ఆ కథ నేను చూడలేదు. తలుపు నేనే కల్పించాను."

డ్రైవరు ఆగి, జాలిగా చూశాడు. "ఎండ ఎక్కువైంది బావా. నాకు ఆ సముద్రం హోరు ఇప్పటికీ వినబడుతుంటే, నువ్వు కల్పించడమేంటి?"

కుళాయి వాషరు ఆ రోజూ మారలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇరవై ఏడు కావాలని ఉత్తరం వెళ్ళింది. ఇది ఇరవై ఏడేనని గుర్తుపట్టడానికి వీలుగా ఉంటుందని డాక్టరు అందులో కథ కూడా రాశాడు. గోదాము వాళ్ళు ఆ కాగితం గోడకు అంటించారు. గోదాముకు వచ్చినప్పుడు అది చూసి పక్క ఊళ్ళ సంఘాలవాళ్ళు, తమకూ ఆ తలుపు కథ బాగా గుర్తుందనీ, చూడ్డానికి తామూ వస్తామనీ రాశారు. నూట నలభైమంది తేలారు. ఆసుపత్రి గదిలో పన్నెండు కుర్చీలే కనుక డ్రైవరు వెళ్ళి బస్సు కార్మికుల హాలు మాట్లాడొచ్చాడు. సంఘంలోని వడ్రంగి హాలు ముందు ఇసక పోయించి, దాని మధ్యలో నిజంగానే ఒక తలుపు నిలబెట్టాడు. వచ్చినవాళ్ళు మూడుసార్లు తట్టి లోపలికి రావాలట. ఆ తలుపుకు రెండువైపులా కన్నంలేని తాళం కావాలని ఎవర్ని అడగాలి? అడిగారు. అతను నాలుగు రోజులు కూర్చుని చేశాడు. చేస్తున్నంతసేపూ తిట్టుకున్నాడు కానీ, పని మాత్రం చక్కగా వచ్చింది.

ఆటకు రెండు రోజుల ముందు ఇక లాభం లేదనుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. "మీతో ఒంటరిగా ఒక మాట చెప్పాలి."

"రా, కూర్చుని చెప్పు."

లోపలి గదిలో ఉన్నది ఒకే కుర్చీ. కూర్చోగానే అది వెనక్కి వాలింది, దీపం కళ్ళల్లోకి వెలిగింది, అలవాటుకొద్దీ నోరు దానంతటదే తెరుచుకుంది. డాక్టరు చెయ్యీ అలవాటుకొద్దీ లోపలికి వెళ్ళింది.

"అబ్బబ్బ, ఈ దవడ పన్ను ఎన్నాళ్ళనుంచి దాచావయ్యా!" అంటూ రెండు దూది ఉండలు కుక్కాడు. "ఇందాక పళ్ళు తోముకుంటుంటే నాకింకోటి గుర్తొచ్చింది. ఆ తలుపు మీద గోళ్ళ గీతలుంటాయి. ఐదు. అవునా?"

తాళాలాయన తల అడ్డంగా ఊపబోయాడు. తల డాక్టరు చంకలో ఉంది.

"చూశావా, కాదనలేకపోయావు. ఐదే!"

ముప్పావుగంట తర్వాత, చెప్పాల్సిన మాట అలాగే ఉండగా, ఒక పన్ను మాత్రం తగ్గి, అతను వీధిలోకి వచ్చాడు. మర్నాటికి వడ్రంగి తలుపు మీద ఐదు గీతలు పడ్డాయి.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. నూట నలభైమందీ ఒక్కొక్కరే తలుపు తట్టి వచ్చేసరికి గంట పట్టింది. స్టేషన్ నుంచి వచ్చిన రీళ్ళాయన డబ్బా మూత తీసి, ఫిల్ము ఎక్కించి, దీపాలు ఆర్పమన్నాడు. పాట మొదలైంది. కొట్టుగది గోడలోంచి విన్న పాటే. తాళాలాయన చివరి వరసలో రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఇంకో అరగంటలో పరువు గంగలో కలుస్తుందని తెలుసు. అయినా కళ్ళు తిప్పుకోలేకపోయాడు.

తెరమీద "ఇరవై ఏడో కథ" అని పడింది.

ఓడ ఆగిపోయి ఉంది. ఇంజను పనిచెయ్యడం లేదు. పైన గొట్టం ఒకటి కారుతుంటే ముసలి ఇంజనీరు దానికింద ఒక మగ్గు పెట్టాడు. "ఎంతసేపు పడుతుంది?" అంది నావికురాలు. "తెలీదు," అన్నాడతను. ఇద్దరూ కూర్చున్నారు. గ్రహం లేదు, శత్రువు లేడు. సెట్టు వెయ్యడానికి చెక్క అయిపోయిందేమో, గోడలు కూడా సరిగ్గా లేవు. ఊరికే ఉండలేక నావికురాలు కత్తెర తెచ్చి అతని జుట్టు కత్తిరించింది. చిన్నప్పుడు తన దగ్గరొక కుక్క ఉండేదనీ, ఓడెక్కిన రోజు అది రేవుదాకా వచ్చిందనీ అతను చెప్పాడు. ఆవిడ అతని మెడ మీద వెంట్రుకలు ఊదింది. మగ్గు నిండింది. సగం ఆవిడ తాగి, సగం అతనికిచ్చింది. ఉన్నట్టుండి ఇంజను దానంతటదే కదిలింది. "పద," అంది నావికురాలు. అయిపోయింది.

కథ మొత్తంలో ఒక్క తలుపు లేదు.

దీపాలు వెలిగాయి. తాళాలాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ అరగంట కోసం అతను ఎన్నో గ్రహాలు ఊహించుకున్నాడు కానీ, ఒక మగ్గు నీళ్ళు ఊహించలేదు. ఇంత మంచి కథ తను కల్పించగలిగేవాడు కాదు. చుట్టూ నూట ముప్పై తొమ్మిదిమంది ఒకరి మొహం ఒకరు చూడకుండా నేల చూపులు చూస్తున్నారు.

డాక్టరు లేచాడు. గొంతు సవరించుకున్నాడు. "రీలు మారింది," అన్నాడు.

హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. "అదే అనుకుంటున్నా!" "మారింది, మారింది!" "ఇదెక్కడి కథండీ, మంగలి కథ!"

"మారలేదండీ, డబ్బా మీద ఇరవై ఏడుంది, తెర మీద ఇరవై ఏడు పడింది," అన్నాడు రీళ్ళాయన.

"రెండుచోట్లా తప్పు వేశారు," అన్నాడు డాక్టరు.

తాళాలాయన ఇక కూర్చోలేకపోయాడు. "ఇదేనండీ ఇరవై ఏడు. ఆ తలుపు నేను కల్పించింది. ఈ కథ నేను మొదటిసారి చూడ్డం ఇవాళే."

"అంటే అప్పట్లో చూడలేదా?"

"లేదండీ."

"చూడనివాడివి, ఇది అదేనని ఎలా చెబుతావయ్యా?"

తాళాలాయన సాయం కోసం రీళ్ళాయన వైపు చూశాడు. ఆయన డబ్బా మూత పెట్టేస్తున్నాడు.

"కల్పించడమేంటి తమ్ముడూ, ఆ ముసలావిడ మొహం నాకు కళ్ళకు కట్టినట్టుంటే!" అంది బేకరీ ఆవిడ, నొచ్చుకుంటూ. "గుండీల సంగతి చెప్పింది నేను, అతను కాదు," అన్నాడు దర్జీ. డ్రైవరు వెనక్కొచ్చి భుజం నొక్కాడు. "కూర్చో బావా. మా అక్కకి చెబుతా."

అక్కడికక్కడే రెండు తీర్మానాలు ఏకగ్రీవంగా చేశారు. అసలైన ఇరవై ఏడో కథను వెతికి పంపమని గోదాముకు గట్టిగా రాయాలన్నది మొదటిది. రెండోది చదివేముందు డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు కానీ, నిబంధన నిబంధనే.

అలా ఆ రోజు ఆ హాల్లో ఇరవై ఏడో కథ చూశానని ఒప్పుకున్న ఒకే ఒక్క మనిషిని, చూడలేదన్న కారణంతో సంఘంలోంచి తీసేశారు.