పచ్చ లైటు మొహం

మనిషిలోని దిగులు మొట్టమొదట మొహం మీదికే వస్తుందనీ, అలా వచ్చిన దిగులు కంపెనీ పరువు తీస్తుందనీ, మొహానికి పూసే క్రీము తయారుచేసే ఆ ఫ్యాక్టరీ యాజమాన్యం లోకహితం కోరి తీర్మానించింది. మర్నాటికల్లా ప్రశాంతతా విభాగం వెలిసింది. దానికో అధికారి, అధికారికో గది, గదికో ఏసీ. (ప్రశాంతత ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా.)

గేటు దగ్గర ఒక యంత్రం పెట్టారు. దాని ముందు నిలబడితే మొటిమలూ ముడతలూ లెక్కగట్టి, ప్రశాంతంగా ఉన్నవారికి పచ్చ లైటు, లేనివారికి ఎర్ర లైటు వెలిగిస్తుంది. ఎర్ర లైటు పడినవారు పక్కకు వెళ్లి, ప్రశాంతపడి, మళ్లీ క్యూ చివర చేరాలి. ఈలోగా ఆలస్యమైతే జీతంలో కోత. (కోత గురించి దిగులు పడరాదని గోడ మీద రాసే ఉంది.)

ట్యూబులకు మూతలు బిగించే అమ్మాయిని అక్కడందరూ మూతలమ్మాయి అంటారు. ఆమెకో చంటి కొడుకు. తల్లి చెవి పట్టుకుంటే తప్ప వాడికి రాత్రి నిద్ర రాదు. నానమ్మ చెవి అందించి చూశారు, వాడు ఒప్పుకోలేదు. అందుకే ఆమెకు పగటి షిఫ్టు ప్రాణంతో సమానం. సరిగ్గా అప్పుడే నోటీసు పడింది: "ముఖపరీక్ష ఫలితాన్ని బట్టి షిఫ్టులు మారును."

"ఎర్ర లైటోళ్లని రాత్రికి తోసేస్తారంట," అంది పక్కన లేబుళ్లు అంటించే అక్క. "గడ్డం నిండా మొటిమలు పెట్టుకున్నావు. నీ పని అయిపోయినట్టే."

"భయపెట్టకక్కా. భయపడితే ఇంకోటి లేస్తుంది."

ఆ రోజు నుంచి ఆమె కంకణం కట్టుకుని ప్రశాంతంగా ఉండసాగింది.

"పాలు పొంగిపోతుంటే కళ్లు మూసుకు కూర్చున్నావేంటే?" అంది అత్తగారు.

"ప్రశాంతంగా ఉంటున్నానత్తయ్యా."

"ఆ ఉండేదేదో స్టవ్ కట్టేసి ఉండు."

ఫ్యాక్టరీలో భోజనం వేళను సగానికి కోసి శ్వాస తరగతి పెట్టారు. అధికారి ఒక ఈల వేస్తే ఊపిరి పీల్చాలి, రెండో ఈలకు వదలాలి. ఒకరోజు మధ్యలో ఆయనకు ఫోనొచ్చింది. పనివాళ్లంతా బుగ్గలు పూరించుకుని ఆయన వంకే చూస్తూ నిలబడ్డారు. లేబుళ్ల అక్క తట్టుకోలేక ముందే వదిలేసింది. అనుమతి లేకుండా ఊపిరి వదిలినందుకు ఆమెకు సంజాయిషీ నోటీసిచ్చారు.

ఇంతలో పిల్లాడికి దగ్గు పట్టుకుంది. వాణ్ని భుజాన వేసుకుని మూతలమ్మాయి వారమంతా జాగారం చేసింది. నిద్రలేక మొహం పూరీలా ఉబ్బింది. ఆ ఉబ్బుకు ముడతలు సాఫీ అయిపోయాయి, మొటిమలు వాపులో కలిసిపోయాయి. దిగులు పడే ఓపిక కూడా మిగల్లేదు. యంత్రం ముందు తుడిచిన పలకలా నిలబడింది. పచ్చ లైటు వెలిగింది. కింద తెర మీద "ఆదర్శ చర్మం" అని పడింది.

అధికారి ఆమెను గదికి పిలిచి అభినందించాడు.

"రేపటి నుంచి మీరు రాత్రి షిఫ్టమ్మా."

"నాకు పచ్చ లైటు కదా సార్?"

"అందుకే. రాత్రి పనంటే మాటలా? ఒత్తిడి ఉన్నవాళ్లు తట్టుకోలేరు. వాళ్లని పగటికి పంపేశాం, పాపం."

"సార్, నా కొడుకు నేను లేకపోతే నిద్రపోడు సార్. ఏడ్చి ఏడ్చి గుక్కపెడతాడు."

"అంటే దిగులుందంటారు."

"ఉంది సార్. చాలా ఉంది."

"మీరంటే ఎలాగమ్మా, యంత్రం అనాలి గాని."

ఆయన న్యాయం తెలిసినవాడు. స్వయంగా వెంటబెట్టుకెళ్లి ఆమెను మళ్లీ యంత్రం ముందు నిలబెట్టాడు. అక్కడ ఆమె ఇక ఆపుకోలేకపోయింది. కన్నీళ్లు బుగ్గల మీదుగా గడ్డం దాకా కారాయి. యంత్రం కాసేపు తటపటాయించి, మొహమంతా ఓపిగ్గా పరిశీలించి, పచ్చ లైటే వెలిగించింది.

"చర్మంలో తేమ బాగుంది," అని చదివి, అధికారి రాత్రి షిఫ్టు కాగితం మీద సంతకం పెట్టాడు.